పిట్టని లేపొద్దు

ఎడిటింగ్ గది, మూడో అంతస్తు
జనవరి 11

అక్కకి,

ఫోను చేస్తే నువ్వు ఊఁ అంటావు, నేను ఊఁ అంటాను, ఆ తర్వాత చెరో పక్కా ముక్కు చీదుకుంటాం. పది నెలలుగా మన మాటలు అంతే. కాగితం మీదయితే కాస్త నిలదొక్కుకుంటానని ఉత్తరం మొదలుపెట్టాను. నువ్వూ ఉత్తరమే రాయి.

నా పని సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఎవరైనా అడిగితే "దేవుడి సినిమాలు" అని చెప్పి మాట మార్చేస్తాను. నాలుగేళ్లలో పదకొండు సినిమాలు కత్తిరించి అతికించాను. పదకొండూ ఒకటే సినిమా అక్కా. ఒక తాగుబోతు, మోకాళ్ల మీద వాడి పెళ్లాం, మంచం మీద ఒక రోగి. గంటా ఇరవై నిమిషాలకి తాగుబోతు చర్చి మెట్లెక్కుతాడు, బయట ఉరుముతుంది, రోగి లేచి కూర్చుంటాడు, వెనక నుంచి కోరస్ అందుకుంటుంది. ప్రవక్తల గడ్డాలు దూదివి. గాలికి ఒక పక్క ఊడితే ఆ చోట నేను మబ్బుల షాట్ వేసి కప్పాలి. నా దగ్గర నలభై రకాల మబ్బులున్నాయి. ప్రభువు వేషం వేసే ఆయనకి ప్రతి మాటకి ముందు కాసేపు పైకి చూడమని ఎవరో నేర్పారు. పాపం ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, భోజనాల దగ్గర మంచినీళ్లు అడగాలన్నా ముందు ఫ్యాను వంక చూస్తాడు.

నాన్న గుర్తొస్తుంటాడు. "దేవుడి పనే కదా అని నాసిరకం రంగు వేస్తే ఆయన కనిపెట్టలేడనుకున్నావట్రా?" అనేవాడు కదా, చర్చికి బొమ్మలు వేస్తూ. ఇక్కడ అందరూ ఆయన కనిపెట్టలేడనే ధీమాతో ఉన్నారు.

అసలు విషయానికి వస్తాను. మన పిట్ట గురించి, నా మేనకోడలి గురించి సినిమా తీయాలని ఉంది. ఆస్పత్రిలో మీరున్న ముప్పై ఏడు రోజులూ, జరిగింది జరిగినట్టు. పేరు కూడా అదే: "ముప్పై ఏడు రోజులు." రాత నాదే, కూర్పు నాదే. మా కంపెనీ పెద్దాయన ఒప్పుకున్నాడు. (మేమంతా ఆయన్ని చాటుగా వందనాలయ్య అంటాం. "వందనాలు" అనకుండా తుమ్మను కూడా తుమ్మడు.) నువ్వు వద్దంటే ఇక్కడితో వదిలేస్తాను. సరే అంటే మాత్రం ఒక్క అబద్ధం కూడా పెట్టను. దేవుడికి మంచి పేరు తేవడానికి అబద్ధాలాడడం నాకిక చేతకావడం లేదు.

నీ తమ్ముడు

*

చర్చి వెనక ఇల్లు
ఫిబ్రవరి 2

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. రోజూ తీసి చదవడం, మళ్లీ దుప్పట్ల కింద దాచడం. మీ బావ చూస్తారని కాదు. చూసినా ఏమీ అనరు. పిట్ట పేరు ఈ ఇంట్లో ఎత్తరు. ఎవరింట్లో కష్టమొచ్చినా వెళ్లి గంటసేపు ఓదార్చి వస్తారు. ఇంటికొచ్చాక మాత్రం చెప్పులు విడిచినట్టే ఆ గొంతు కూడా గుమ్మం బయటే విడిచి వస్తారు. నేనూ కదిలించను.

సరే, తియ్యి. కానీ తీస్తే ఈ మూడూ ఉండాలి. ఇవి ఎవరికీ చెప్పలేదు.

ఒకటి. ఇరవై తొమ్మిదో రోజున సంఘం వాళ్లంతా వచ్చి మంచం చుట్టూ నిలబడి పాడారు. మీ బావే మొదలుపెట్టారు. పిట్ట నా చెయ్యి లాగి నన్ను వంచుకుని చెవిలో ఏమందో తెలుసా? "అమ్మా, వాళ్లని వెళ్లిపొమ్మను. వాళ్లు పాడుతుంటే నేను చచ్చిపోతున్నానని తెలిసిపోతోంది." పదమూడేళ్ల పిల్ల. నేను వాళ్లని పొమ్మనలేదురా. పాస్టరు గారి భార్యని కదా. నేనూ పాడాను.

రెండోది, ఆఖరి వారం నాకు ప్రార్థన రాలేదు. కళ్లు మూసుకుంటే లోపల చీకటే తప్ప మాట లేదు. పెదాలు మాత్రం ఆడించేదాన్ని, పక్క మంచాల వాళ్లు చూస్తారని.

అది పోయినప్పుడు నేను పక్కన లేను. పొద్దున పది గంటలకి వరండా చివర పంపు దగ్గర ఫ్లాస్కు కడుగుతున్నాను. పాలు అడుగున పులిసి వాసనొస్తుంటే వేళ్లు పట్టక పీచు గుచ్చి గుచ్చి తోముతున్నాను. పక్కనున్నావిడతో "ఈ పంపు ఎప్పుడూ ఇలా కారుతూనే ఉంటుందాండీ?" అని అడిగాను. తిరిగొచ్చేసరికి నర్సు నిలబడి ఉంది. ఎప్పుడూ కుర్చీలో ఉండే మనిషి నిలబడి ఉండేసరికి అప్పుడే అర్థమైంది.

ఇదంతా పెట్టు. నా గురించి ఎవరేమనుకున్నా పర్లేదు. ఒక్కటే షరతు. ఆఖర్లో దాన్ని లేపొద్దు. లేపి కూర్చోబెట్టొద్దు, తెల్ల గౌను వేసి మబ్బుల్లో నడిపించొద్దు. నీ దగ్గర నలభై రకాలున్నాయన్నావుగా, ఒక్కటీ వాడకు.

ఇక్కడ కొత్త సంగతి: నాన్న వేసిన బొమ్మ తీసేద్దామని సంఘ పెద్దలు అంటున్నారు. అదే, బైబిల్లో ప్రభువు బతికించిన తమ్ముడి కథలోది: ఆయన ఇంకా రాక ముందు, ఆ తమ్ముడి సమాధి దగ్గర ఇద్దరక్కలు నిలబడిన బొమ్మ. నాలుగో రోజు. ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఉంటుంది. "అద్భుతం ఏదయ్యా ఇందులో?" అని అప్పట్లోనే నాన్నని నిలదీశారు. "అది తర్వాత జరిగింది. వీళ్లు నాలుగు రోజులు నిలబడ్డారు, అది ఎవరు వేస్తారు?" అన్నాడు నాన్న. ఇప్పుడేమో పిల్లలు జడుసుకుంటున్నారట.

ఒంట్లో జాగ్రత్త.

అక్క

*

ఎడిటింగ్ గది
ఏప్రిల్ 19

అక్కా,

తీశాం! ఇరవై రెండు రోజుల్లో తీశాం. మొన్నటితో కూర్పు కూడా అయిపోయింది. ఇంత సంతోషంగా నీకు రాయొచ్చో లేదో తెలియడం లేదు. విషయం అలాంటిది. కానీ నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

పిట్ట వేషం వేసింది మా కీబోర్డు వాయించే ఆయన కూతురు. మొదటిరోజు నా దగ్గరకొచ్చి "అంకుల్, నేను చచ్చిపోయాక కూడా ఊపిరి తీసుకోవచ్చా?" అని అడిగింది. అచ్చం పిట్ట అడిగినట్టే అనిపించి అవతలికి వెళ్లిపోయాను. నీ వేషానికి నాటకాల్లో ముప్పై ఏళ్లు పండిన ఒకావిడని తెచ్చాను. మొహానికి రంగు వద్దంటే ఆవిడే సంతోషపడింది. "ఇన్నాళ్లకి నా మొహం నాకిచ్చావు బాబూ" అంది.

పాట సన్నివేశంలో కెమెరాని పిట్ట తల పక్కనే పెట్టాం. పాడేవాళ్ల మొహాలు కనబడవు, నడుములూ చేతులూ పుస్తకాలూ మాత్రమే. మంచం మీది మనిషికి అంతే కదా కనబడేది. ఫ్లాస్కు కడగడం నలభై క్షణాలు. సంగీతం లేదు, పంపు చప్పుడొక్కటే. నలభై క్షణాలు అంటే మా లెక్కలో యుగం. అది వేసి చూపిస్తే మా శబ్దాల ఆయన చెవులకున్న ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, మెట్ల మీదకెళ్లి కూర్చున్నాడు. ఆయన ఏ దేవుణ్ణీ నమ్మని మనిషి. తిరిగొచ్చి, "మీ సినిమా చూసి మొదటిసారి నాకు దేవుడి మీద కోపం వచ్చింది. కోపం రావాలంటే ఉండాలి కదయ్యా" అన్నాడు. పదకొండు సినిమాలు చెయ్యలేని పని అది.

నిన్న వందనాలయ్యకి చూపించాం. దీపాలు వేశాక చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "బాగుంది బ్రదర్. ప్రార్థనలో పెడదాం" అన్నాడు. మా ఆఫీసులో సెలవు అడిగినా అదే మాట, లిఫ్టు బాగుచేయించమన్నా అదే మాట. లిఫ్టు ఇంకా ప్రార్థనలోనే ఉంది. అయినా ఆయన కళ్లజోడు తుడవడం నేను కళ్లారా చూశాను. ఏం కాదులే.

నీ తమ్ముడు

*

చర్చి వెనక ఇల్లు
జూన్ 8

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఆ రోజు అన్నం సయించింది. నలభై క్షణాలు! నేను ఆ ఫ్లాస్కు ఎంతసేపు తోమానో నాకే తెలియదు, నువ్వు లెక్క కట్టావు. నా తప్పు ఒకటి అందరూ చూస్తారనుకుంటే ఎందుకో బరువు దిగినట్టుంది.

నాన్న బొమ్మ తీసేశారు. సామాన్ల గదిలో విరిగిన బెంచీల వెనక, మొహం గోడకి తిప్పి పెట్టారు. దాని చోట ఫ్లెక్సీ వేలాడదీశారు. ప్రభువుకి నీలి కళ్లు. జుట్టు ఇప్పుడే తలంటుకుని దువ్వుకున్నట్టుంది. చుట్టూ గొర్రెలు. ఆ గొర్రెల మొహాలు కూడా నవ్వుతున్నాయిరా! వెనక మంచు కొండలు, సరస్సు, రెండు ఇంద్రధనుస్సులు. ఒకటి సరిపోలేదు కాబోలు. కింద మూల ఫ్లెక్సీ షాపు ఫోను నంబరు. కొత్తగా వచ్చిన ఒకావిడ అది చర్చి నంబరనుకుని ప్రార్థన విన్నపం చెప్పుకోడానికి ఫోను చేస్తే, "సైజెంత మేడం?" అని అడిగారట. చాలా రోజులకి నవ్వాను. నవ్వి మళ్లీ ఏడ్చాను.

"జనానికి ఆనందం కావాలి" అన్నారు మీ బావ.

ఆయన పోయిన నెల సమావేశమని రెండు రోజులు మీ వైపే వచ్చారు. తిరిగొచ్చాక మనిషి మారారు. అన్నం మారు వడ్డించుకున్నారు. పిట్ట గదిలోకి వెళ్లి కిటికీ తెరిచారు. ఏడాది దాటింది ఆ కిటికీ తెరిచి. నిన్ను కలిశారా అంటే "తీరిక ఎక్కడిది" అన్నారు. నువ్వేమో రెండు కార్డు ముక్కలు రాశావు, రెండింట్లోనూ ఎండలు ముదిరాయనే. సినిమా ఏమైంది? ప్రార్థనలోనే ఉందా?

అక్క

*

ఎడిటింగ్ గది
జులై 15

అక్కకి,

ఆలస్యానికి ఏమనుకోకు. పని ఒత్తిడి. బావ ఇటు వచ్చిన సంగతి నాకు తెలియదు.

సినిమా సెప్టెంబరులో వస్తుంది. చిన్న చిన్న మార్పులు జరిగాయి. పేరు మార్చారు: "వాడిపోని పువ్వు." పేరుదేముందిలే. మొదటి ప్రదర్శనకి నువ్వు శ్రమపడి రానక్కర్లేదు. పెద్ద హాలు, ఊపిరాడదు, నీకు అసలే తలనొప్పి. తర్వాత ఎప్పుడైనా నేనే వచ్చి చూపిస్తాను.

ఎండలు తగ్గాయి.

తమ్ముడు

*

చర్చి వెనక ఇల్లు
సెప్టెంబరు 23

నీకు,

వెళ్లాను. నువ్వు రావద్దన్నావు కాబట్టే వెళ్లాను. మీ బావ కూడా వద్దన్నారు. ఇద్దరు మగవాళ్లు ఒకేసారి నా తలనొప్పి గురించి ఇంత బెంగపడటం ఎప్పుడూ చూడలేదు.

వెయ్యి మంది ఉంటారు. మమ్మల్ని మొదటి వరసలో కూర్చోబెట్టారు. "ఇది నిజంగా జరిగిన కథ" అని అక్షరాలు పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఆస్పత్రి గది మా గదిలానే ఉంది. ఆ పిల్ల నిజంగానే పిట్టలా ఉంది. పెదవి కొరకడం కూడా. పాటకి వచ్చేసరికి ఆ పిల్ల నవ్వుతూ "అమ్మా, ఇంకా పాడమను" అంది. ఇంకా పాడమను! అక్కడే లేచిపోవాల్సింది. కూర్చునే చూశాను.

తర్వాత నా వేషం మారిపోయింది. నాటకాలావిడ పోయి ఎవరో పెదాలకి రంగున్న మనిషి వచ్చింది. మోకాళ్ల మీద పడింది. బయట ఉరిమింది. ఆవిడ లేచి మాత్రలన్నీ తీసుకెళ్లి చేతులు కడుక్కునే తొట్టిలో పోసింది. ఒక్కొక్కటీ నీళ్లలో తిరుగుతూ, తెల్లవి, గులాబీవి, కరిగిపోతూ, నీళ్లు పాలలా మారి, ఆఖరిది అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, జారిపోయింది. పాట లేదు, మాట లేదు. ఆ సినిమా అంతట్లో చెయ్యి తిరిగినవాడి పని అదొక్కటే. హాలంతా బిగుసుకుపోయింది. నేను కూడా ఊపిరి బిగబట్టానురా. బిగబట్టి, అది నీ చెయ్యేనని పోల్చాను.

తర్వాత పిట్ట లేచింది. లేచి కూర్చుంది. తెల్ల గౌను. మబ్బులు.

జనం లేచి నిలబడి ఏడుస్తూ చేతులెత్తారు. మీ బావ కూడా. బయటికొస్తుంటే ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నారు. "అమ్మాయిని తీసుకురాలేదేం తల్లీ? ఒక్కసారి చూసుకునేవాళ్లం" అన్నారు. ఒకావిడ తన కొడుకు పాత చొక్కా తెచ్చింది, మీ పాపతో ముట్టించి పంపమని. మీ బావ నా పక్కన నిలబడి, "క్షేమంగా ఉందమ్మా" అన్నారు. ఒకసారి కాదు. అడిగిన ప్రతివాళ్లకీ. క్షేమంగా ఉందమ్మా. క్షేమంగా ఉందయ్యా.

దాన్ని లేపుతారని నీకు ముందే తెలుసా? ఎప్పటినుంచి? కథ మార్చడానికి ఒప్పుకుంటూ సంతకం ఎవరు పెట్టారు?

*

అద్దె గది
అక్టోబరు 4

అక్కా,

తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇక మొత్తం చెప్తాను.

వందనాలయ్య ప్రార్థనలో తేలింది ఇది: "జనం ఏడుస్తూ ఇంటికి పోవడానికి మన దగ్గరికెందుకు బ్రదర్? దానికి ఆస్పత్రి ఉంది. పిల్లని లేపండి." నేను కుదరదన్నాను. పిల్ల తల్లికి మాటిచ్చానన్నాను. మూడు వారాలు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంకో రెండు వారాలు పట్టుపట్టి ఉంటే ఆయన విసుగెత్తి వదిలేసేవాడేమో. అప్పుడు ఆయన బావని పిలిపించాడు.

బావ నన్ను కలిశారు. తెలియదని నీకు అబద్ధం రాశాను. ఎడిటింగ్ గదిలో నా పక్క కుర్చీలో కూర్చుని అసలు సినిమా చూశారు. పాటల చోట తల దించేసుకున్నారు. "అలా అందా? నిజంగా అలా అందా?" అని అడిగారు. నువ్వాయనకి చెప్పలేదని నాకప్పుడు తెలిసింది. ఫ్లాస్కు చోట నా భుజం పట్టుకున్నారు. అయిపోయాక నేను దీపం వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్కసారి దాన్ని లేపరా. మీ అక్కకి చెప్పకు. నేను చూడాలి. ఒక్కసారి లేపి నాకు చూపించు" అన్నారు.

బావ కదా. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. కింద కూర్చుని నా మోకాళ్లు పట్టుకున్నారు. వందనాలయ్యకి లొంగలేదక్కా నేను. ఆయనకి లొంగాను. సంతకం ఆయన పెట్టారు. నేను లేపాను.

ఇక మాత్రల సంగతి. అది ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది. ఎలాగూ చెత్త తీస్తున్నాం, ఒక్కటన్నా మనసుపెట్టి తీద్దామనుకున్నాను. చాక్ బిళ్లలు తెప్పించి, తొట్టి కింద దీపం పెట్టి, ఒక రోజంతా ఆ ఒక్క షాటే తీశాం. ఆఖరి బిళ్ల అంచున ఆగడం కోసం పందొమ్మిది సార్లు. కుదిరినప్పుడు ఎగిరి గంతేశాను. నాన్న చూస్తే మెచ్చుకునేవాడనుకున్నాను. నిజం చెప్పడానికి తెచ్చిన చేతి నేర్పంతా తీసుకెళ్లి అబద్ధానికి పెట్టాను, పెట్టి మురిసిపోయాను.

అసలు కూర్పు ఏదని అడుగుతావేమో. లేదు. ఆ డిస్కు తుడిచేసి దాని మీద పదమూడో సినిమా ఎక్కించారు. నేను దాచుకుని ఉండాల్సింది. బుద్ధి లేకపోయింది.

నన్ను క్షమించమని అడగను. తిట్టు. తిడుతూ అయినా ఉత్తరం రాయి.

*

చర్చి వెనక ఇల్లు
నవంబరు 17

తమ్ముడూ,

తిట్టడానికి ఓపిక లేదు. జరిగింది చెప్తాను, విను.

మా సందు చివర కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ నీకు తెలుసు. పిట్ట బడి బట్టలు ఆవిడే కుట్టేది. ఆవిడకి ఒక్కతే కూతురు, పందొమ్మిదేళ్లు, తల్లి పక్కనే కూర్చుని కాజాలు కుడుతుంది. చిన్నప్పటినుంచి మూర్ఛ. మాత్రలు వేసుకుంటూ మూడేళ్లుగా రాలేదు. పోయిన నెల మన చర్చిలో నాలుగు వారాలు ఆ సినిమా వేశారు, నాలుగుసార్లూ ఇద్దరూ వచ్చారు. తర్వాత ఒక సాయంత్రం మాత్రలన్నీ తొట్టిలో పోసేశారట. నీ సినిమాలోలాగే, ఒక్కొక్కటీ.

తెలిసిన వెంటనే పరిగెత్తాను. "అమ్మా, అది కథ. నా కూతురు చచ్చిపోయింది. మట్టి చేసినప్పుడు నువ్వూ వచ్చావు. రేపే మాత్రలు తెచ్చి మొదలుపెట్టు" అన్నాను. ఆవిడ కుట్టడం ఆపలేదు. నా మీద కోపంగా కూడా లేదు, జాలిగా చూసింది.

"మీ పాప పోయిందని నాకు తెలీదా అమ్మగారూ. సినిమాలో అమ్మ నమ్మింది. మీరు నమ్మలేదు. అంతే తేడా" అంది.

ఏం చెప్పను? ఆఖరి వారం నాకు ప్రార్థన రాలేదన్నది నిజమే కదా.

ఇంటికొచ్చి మీ బావని బతిమాలాను. ఆదివారం ప్రసంగంలో ఒక్క ముక్క చెప్పండి, మా పిల్ల లేవలేదు, మాత్రలు ఆపకండి అని చెప్పండి, మీ మాట వింటారు అన్నాను. సరేనన్నారు. ఆదివారం వేదికెక్కారు. "మా ఇంట్లో..." అన్నారు. ఆగారు. "మా ఇంట్లో దేవుడు గొప్ప కార్యం..." అని తెలియకుండానే ఆ మాటే నోట్లోంచి వచ్చింది. ముందు వరసలో టైలరమ్మ, కూతురు. కూతురు నవ్వుతూ తలూపింది. ఆయన దిగిపోయారు. ఇంటికొచ్చి "నావల్ల కాలేదే. అక్కడ అది బతికుంది, నేను దాన్ని మళ్లీ చంపలేను" అన్నారు. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో నేను ఆయన మీద మొదటిసారి అరిచాను. "మీరు చంపక్కర్లేదు, అది ఎప్పుడో పోయింది! ఇప్పుడు పోయేది ఇంకొకళ్ల పిల్ల!"

మర్నాడు నేనే ఆ పిల్లని పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళదామని వెళ్లాను. "బుధవారం వస్తాను ఆంటీ, పెళ్లివారి బట్టలు ఇచ్చేసి" అంది. నా మాట కాదనలేక అందో, నిజంగానే అందో తెలియదు. మంగళవారం మధ్యాహ్నం నీళ్ల బిందెతో మెట్లెక్కుతుంటే మూర్ఛ వచ్చింది. వెనక్కి పడి తల మెట్టుకి కొట్టుకుంది. రెండు రోజులుంది. పిట్ట ఉన్న ఆస్పత్రే, కింద అంతస్తు.

నిన్న మట్టి చేశాం.

అక్క

*

అద్దె గది
నవంబరు 25

అక్కా,

ఉద్యోగం మానేశాను. దాంతో ఒరిగేదేమీ లేదని తెలుసు.

వందనాలయ్య దగ్గరికెళ్లి సినిమా ఆపమని అడిగాను. ఆ అమ్మాయి సంగతి చెప్పాను. ఆయన నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాడు, అదే నా ఖర్మ. "చాలా బాధాకరం బ్రదర్, ఆ కుటుంబాన్ని ప్రార్థనలో పెడదాం" అన్నాడు. ఇంకో మూడు భాషల్లోకి మారుస్తున్నారట. ప్రచారం కోసం చిన్న ముక్క ఒకటి వదిలారు, అందులో ఉన్నది ఆ తొట్టి, ఆ మాత్రలు. అంతే. మిగతా సినిమా చూపిస్తే ఎవరూ రారని వాళ్లకీ తెలుసు.

సినిమాలో వేసిన పిల్లని ఊరూరా తిప్పుతున్నారు. జనం తలలు వంచి చెయ్యి పెట్టించుకుంటున్నారట. వాళ్ల నాన్న కీబోర్డు వాయిస్తున్నాడు.

పదకొండు చెత్త సినిమాలు చేశాను, ఎవరికీ ఏమీ కాలేదు. దూది గడ్డం చూసి ఎవడూ మందులు మానెయ్యడు. ఒక్క షాటు బాగా తీశాను.

నేను రానా? ఆవిడ కాళ్ల మీద పడతాను. ఏం చెయ్యమంటే అది చేస్తాను. రమ్మను.

తమ్ముడు

*

చర్చి వెనక ఇల్లు
డిసెంబరు 12

తమ్ముడికి,

రావద్దు.

మీ బావ చర్చికి సెలవు పెట్టారు. పెద్దలు ఇంకొకాయన్ని పంపారు. మీ బావ ఇల్లు కదలరు. ఇప్పుడు ఇద్దరం పిట్ట గురించి మాట్లాడుకుంటున్నాం. అదీ మంచిదో కాదో తెలియదు. ఒకసారి పాట సంగతి ఎత్తి, "నాకెందుకు చెప్పలేదు? ఆపేవాణ్ణి కదా" అన్నారు. ఆపేవారా అన్నాను. ఇంకో రోజు, దాన్ని నిజంగా చూసుకోవడం ఆ ఎడిటింగ్ గదిలోనే జరిగిందని, చూడలేక పారిపోయానని అన్నారు. ఆయన్ని క్షమించడానికి ప్రయత్నిస్తున్నాను. నిన్ను కూడా. ఇంకా కుదరలేదు.

రోజూ పొద్దున పని ముగించుకుని టైలరమ్మ ఇంటికెళ్తాను. ఆవిడ పొమ్మనదు, కూర్చోమనదు. మిషను పక్కన ఆ పిల్ల కూర్చునే పీట ఉంది, దాని మీద కాదు, గుమ్మంలో కూర్చుంటాను. కాజాలు కుట్టాల్సిన బట్టలు పేరుకుపోయి ఉంటే నేనే తీసుకున్నాను. నాకు సరిగ్గా రావు. ఆవిడ విప్పి మళ్లీ కుట్టుకుంటుంది. మూడు వారాలు మా మధ్య మాట లేదు.

నిన్న చెప్పేశాను. "ఆ సినిమా కూర్చింది నా తమ్ముడు. ఆ మాత్రలు పోసింది కథలో కూడా లేదు, అది వాడికి తోచి పెట్టాడు. అవి మాత్రలు కూడా కావు, చాక్ బిళ్లలు" అన్నాను. ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టాలనే చెప్పానేమో.

మిషను ఆపింది. చక్రం మీద చెయ్యి పెట్టింది.

"ఆఖరిది అంచున ఆగుతుంది చూడండి. అది కూడా ఆయనే చేశారా?" అని అడిగింది.

అవునన్నాను.

"చాలా బాగా చేశారమ్మగారూ" అంది. "అది చూసే కదా మాకు నమ్మకం వచ్చింది."

మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. నేను కాజా విప్పి మొదటినుంచి కుట్టాను.

అక్క